అంకె లేని తపాలా బిళ్ళ మాకూ కావాలి

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,



సూర్యాపేట జిల్లా చివ్వెంల నుంచి రాస్తున్నాను. తపాలా శాఖ మీ మంత్రిత్వ శాఖ కిందే ఉంది. మీరు తెలుగువారు, చాలా ఏళ్ళు అమెరికాలో ఉండి వచ్చినవారు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. నేను అడిగేది చిన్న సంగతే. ధర పెరగబోతోందని తెలిసి పల్లెటూరి మనిషి నాలుగు స్టాంపులు ముందే కొనిపెట్టుకుంటే, ధర పెరిగాక కూడా ఆ స్టాంపు ఒక్కటే ఆ ఉత్తరాన్ని గమ్యం చేర్చాలి. పక్కన ఇంకో బిళ్ళ అతికించాల్సిన పని ఉండకూడదు.

మా పెద్దవాళ్ళకు బడ్జెట్ అంటే కార్డు, కవరు ధరే. ఫిబ్రవరి ఆఖరు రోజు సాయంత్రం ఐదింటికి ఢిల్లీలో ఆర్థిక మంత్రి ప్రసంగం మొదలయ్యేది. రాత్రి రేడియో వార్తల్లో కిరసనాయిలు, సిగరెట్ల తర్వాత కార్డు ధర చెప్తారేమోనని చెవి ఒగ్గి వినేవాళ్ళు. దానికి కారణం ఉంది. 1898 నాటి పోస్టాఫీసు చట్టానికి తోకగా ఉన్న షెడ్యూలులోనే కార్డు ఇంత, కవరు ఇంత అని రాసి ఉండేది. అందులో ఉన్నదానికి మించి ఒక్క పైసా పెంచాలన్నా పార్లమెంటు ఒప్పుకోవాలి. అందుకే పెంపు కబురు బడ్జెట్‌తో పాటే వచ్చేది. కబురు అందాక, కొత్త ధర అమల్లోకి వచ్చేలోపు కొన్ని రోజులు గడువు దొరికేది. సూర్యాపేట గంజిలో, మిర్యాలగూడ మిల్లుల దగ్గర ధరవరలన్నీ కార్డు మీదే రాసుకునే షావుకార్లు ఆ గడువులో కట్టలు కట్టలు కొనేవాళ్ళు. ఇళ్ళలోనూ అంతే. చింతపండు, ఎండుమిరపకాయలు చవగ్గా ఉన్నప్పుడే ఏడాదికి సరిపడా తెచ్చుకునే ఇంట్లో కార్డులు కూడా కొనిపెట్టుకోవడం వింతేమీ కాదు.

కానీ మంత్రిగారూ, అలా కొన్నవాళ్ళకు మిగిలింది ఏమీ లేదు. చింతపండు కొంటే చింతపండు మిగులుతుంది. కార్డు కొంటే దాని మీద అచ్చేసిన పైసలు మాత్రమే మిగిలేవి. పదిహేను పైసల కార్డు పాతిక పైసలైన రోజున, దాచుకున్న ప్రతి కార్డు మీదా ఇంకో పది పైసల బిళ్ళ అతికించాల్సి వచ్చింది. పాతిక పైసల కార్డు అర్ధ రూపాయి అయినప్పుడూ అంతే. తెలియక అలాగే డబ్బాలో వేస్తే ఉత్తరం బేరింగ్ అయ్యేది. తక్కువైన దానికి రెట్టింపు, ఉత్తరం అందుకున్నవాళ్ళు కట్టాలి. పెళ్ళి శుభలేఖ పంపి చుట్టాల చేత డబ్బు కట్టించుకోవడం ఎంత నామోషీగా ఉంటుందో చెప్పక్కర్లేదు. పొదుపు చేద్దామని కొన్నవాడికి అదనంగా చిన్న బిళ్ళల కోసం పోస్టాఫీసు చుట్టూ తిరగడం మిగిలేది.

ఇంకా వెనక్కి వెళ్తే 1971 ఉంది. తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులు లక్షల మంది వచ్చారు. వాళ్ళ కోసం ఆ ఏడాది నవంబర్ 15 నుంచి ప్రతి ఉత్తరం మీదా ఐదు పైసల సహాయ పన్ను బిళ్ళ అదనంగా అతికించాలన్నారు. పోస్టు కార్డును మాత్రం వదిలేశారు. అప్పటికి మామూలు కవరు ఇరవై పైసలు. ఇంట్లో దాచిన ఇరవై పైసల కవర్లన్నీ ఒక్కరోజులో ఐదు పైసలు తక్కువైపోయాయి. ఆ పన్ను 1973 మార్చి 31 దాకా సాగింది. జనం కష్టపడినా గొణుక్కోకుండా కట్టారు, ఎందుకంటే ఆ ఐదు పైసలు ఎవరికి పోతాయో వాళ్ళకు తెలుసు. కాందిశీకుల సహాయానికని ఆ బిళ్ళ మీదే రాసి ఉంది. పెంచడం తప్పని నేను అనను. ఎందుకు పెంచారో, ఎప్పటి నుంచి పెంచుతారో తెలిస్తే ఈ దేశపు జనం అర్థం చేసుకుంటారు.

ఇప్పుడు మీరు ఎరిగిన సంగతికి వస్తాను. 2007 ఏప్రిల్‌లో అమెరికా తపాలా శాఖ ఫరెవర్ స్టాంపు తెచ్చింది. దాని మీద అంకె లేదు, లిబర్టీ బెల్ బొమ్మ ఉంది. అప్పుడు దాన్ని 41 సెంట్లకు అమ్మారు. 2019 జనవరిలో 55 సెంట్లు, 2025 జూలైలో 78 సెంట్లు అయింది. 2007లో 41 సెంట్లకు కొన్న అదే బిళ్ళ, 2025లో 78 సెంట్లు కావాల్సిన ఉత్తరాన్ని ఇంకో సెంటు అడక్కుండా చేర్చింది. అమెరికాలోని మన తెలుగువాళ్ళ ఇళ్ళలో కూడా, ధర పెరిగే ముందు రెండు స్టాంపు చుట్టలు ఎక్కువ కొనుక్కోవడం మామూలు. బ్రిటన్‌లో ఇది ఇంకా పాతది. 1989 ఆగస్టులోనే అక్కడ అంకె బదులు మొదటి తరగతి, రెండో తరగతి అని అచ్చేసిన బిళ్ళలు వచ్చాయి. అప్పట్లో మొదటి తరగతి ఉత్తరానికి 19 పెన్నీలు. 2025 ఏప్రిల్‌లో 170 పెన్నీలు.

ఇక్కడ ఒక లెక్క నిజాయితీగా చెప్పాలి. స్టాంపులు దాచుకోవడం బంగారం దాచుకోవడం కాదు. అమెరికాలో 2007 నుంచి 2025 దాకా పెరిగిన ధరను ఏడాదికి పంచితే మూడున్నర శాతం చిల్లరే. మీ శాఖే ఐదేళ్ళ టైం డిపాజిట్ మీద 2025లో ఏడున్నర శాతం వడ్డీ ఇచ్చింది. కాబట్టి ఉన్న డబ్బంతా స్టాంపుల్లో పెట్టమని ఎవరికీ చెప్పను. ఏడాదికో రెండేళ్ళకో సరిపడా కొనుక్కుంటే, ధర ఒక్కసారిగా ఎగిరినప్పుడు కొంత కాలం తెరిపి ఉంటుంది. రోజూ నాలుగు కవర్లు వేసే వకీలు గుమాస్తాకు, ఊరి గ్రంథాలయానికి, చిన్న పత్రిక నడిపేవారికి ఆ తెరిపి విలువ తెలుసు.

మన దగ్గర మామూలు కవరు ఇరవయ్యేళ్ళకు పైగా ఐదు రూపాయల మీదే ఉంది. కార్డు అర్ధ రూపాయి. ఇన్‌లాండ్ లెటర్ రెండున్నర. ఇన్నేళ్ళూ పెంచకుండా మోసినందుకు మీ శాఖకు దండం పెట్టాలి. అర్ధ రూపాయి కార్డును కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా చేర్చడానికి అయ్యే ఖర్చు అర్ధ రూపాయికి ఎన్నో రెట్లని అందరికీ తెలుసు. ఏదో ఒక రోజు ఈ ధర మారక తప్పదు. ఆ రోజు రాకముందే అంకె లేని బిళ్ళ రావాలని నా మనవి. ధర పెంచాక తెస్తే, పెంచిన ధరకే కొన్నట్టు అవుతుంది.

పెంపు ఇప్పటికే వేరే దారిలో వచ్చేసింది కాబట్టి ఈ తొందర. బిళ్ళ మీది అంకె మార్చలేదు, చవకైన సేవలే ఒక్కొక్కటిగా తీసేశారు. 2025 అక్టోబర్ 1 నుంచి రిజిస్టరు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. అంతకు ముందు ఇరవై గ్రాముల రిజిస్టరు ఉత్తరానికి ఐదు రూపాయల తపాలా, పదిహేడు రూపాయల రిజిస్ట్రేషన్, పద్దెనిమిది శాతం జీఎస్టీ, మొత్తం 25 రూపాయల 96 పైసలు. ఇప్పుడు అదే ఉత్తరం ఊరు దాటితే స్పీడ్ పోస్టుకు 47, రిజిస్ట్రేషన్‌కు 5, వాటి మీద పన్ను కలిపి 61 రూపాయల 36 పైసలు. రెట్టింపు దాటింది. ఒకే ఊళ్ళో అయితే స్పీడ్ పోస్టు 19 రూపాయలే, అది సబబుగానే ఉంది. స్పీడ్ పోస్టు త్వరగా చేరుతుంది, ఎక్కడ ఉందో ఫోన్లో చూసుకోవచ్చు, విద్యార్థులకు పది శాతం తగ్గింపు కూడా ఇచ్చారు. అవన్నీ మంచివే. కానీ మా దగ్గర రిజిస్టరు వేసేవాళ్ళకు కావాల్సింది వేగం కాదు. ఉత్తరం పంపినట్టు, అవతలివాళ్ళు తీసుకున్నట్టు చేతిలో ఒక రసీదు కావాలి.

ఎవరికి అంటారా? మిర్యాలగూడ మిల్లుకు వడ్లు అమ్మిన రైతుకు ఇచ్చిన చెక్కు బ్యాంకు నుంచి తిరిగొచ్చిందనుకోండి. ఆ సమాచారం అందిన 30 రోజుల్లోగా చెక్కు ఇచ్చినవారికి రాతపూర్వకంగా నోటీసు పంపాలి. లేకపోతే కేసు నిలవదు. ఆ నోటీసు వెళ్ళినట్టు రసీదు కావాలి. కోదాడలో ఇల్లు అద్దెకిచ్చినవారికీ, భూమి హద్దు గొడవలో ఉన్న అన్నదమ్ములకూ అదే రసీదు కావాలి. సమాచార హక్కు దరఖాస్తు చూడండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి రుసుము లేదు. మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది రూపాయలు. పేదవాడు కూడా అడగగలగాలని అంత తక్కువ పెట్టారు. చివ్వెంల నుంచి హైదరాబాద్ కార్యాలయానికి ఆ పది రూపాయల దరఖాస్తును రసీదుతో పంపాలంటే ఇప్పుడు అరవై ఒక్క రూపాయలు దాటుతోంది. రుసుముకు ఆరు రెట్లు తపాలా ఖర్చు.

పుస్తకాల సంగతి నా మనసుకు మరీ దగ్గరిది. నాలాగా సొంత డబ్బుతో ఒక పుస్తకం అచ్చేసుకుని, సగం ప్రతులు అమ్మి, సగం మిత్రులకూ గ్రంథాలయాలకూ పంపుకునేవాళ్ళు తెలుగులో వందల మంది ఉన్నారు. మా అందరికీ రిజిస్టరు బుక్‌పోస్టే ఆధారంగా ఉండేది. ఐదు కిలోల పుస్తకాలు దేశంలో ఎక్కడికైనా 80 రూపాయలకు వెళ్ళేవి. మూలలు తెరిచి ఉంచి కట్టిన పొట్లం, పైన పెద్దక్షరాల్లో బుక్‌పోస్టు అన్న మాట, పక్కన వరసగా అతికించిన ఐదు, పది రూపాయల బిళ్ళలు. 2024 డిసెంబర్ 18న ఆ సేవ ఆగిపోయింది. పుస్తకాలే బతుకుతెరువుగా ఉన్న చాలామంది ప్రచురణకర్తలకు కూడా ముందుగా కబురు లేదు. అచ్చయిన పుస్తకం పంపడానికని కొని పెట్టుకున్న బిళ్ళలు నా దగ్గర అట్టపెట్టెలో ఉన్నాయి. వాటి మీది అంకె మారలేదు, పోస్టాఫీసు వాటిని కాదనదు. కానీ వాటితో వెళ్ళే పుస్తకాల సంఖ్య పడిపోయింది. దాచుకున్న స్టాంపుకు ధర పెరుగుదల నుంచి రక్షణ లేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

2025 మే 1న జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టి మీ శాఖ ఆ లోటును కొంత పూడ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. అందుకు కృతజ్ఞతలు. పాఠ్యపుస్తకాలకూ, పోటీ పరీక్షల పుస్తకాలకూ, సాంస్కృతిక గ్రంథాలకూ అది వర్తిస్తుందన్నారు. వ్యాపార ప్రచురణలకు కాదన్నారు. ఈ రెండింటి మధ్యా చిన్న కథల సంపుటి, కవితల పుస్తకం, నవల నలిగిపోకూడదు. వెల అచ్చేసి ఉందని ఒక కౌంటరులో కాదని, ఇంకో కౌంటరులో సరేనని అనే పరిస్థితి రాకూడదు. కథ, కవిత, నవల, వ్యాసం అన్నీ జ్ఞాన్ పోస్ట్ కిందికి వస్తాయని ఒక్క వాక్యం తెలుగులో అచ్చు వేయించి ప్రతి పోస్టాఫీసు గోడ మీదా అంటించండి. గుమాస్తాకూ ఇబ్బంది ఉండదు, మాకూ ఉండదు.

చట్టం సంగతి మళ్ళీ ఎత్తుతున్నాను, అసలు చిక్కు అక్కడే ఉంది కాబట్టి. 1898 చట్టం పోయింది. 2023 పోస్టాఫీసు చట్టం 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు సేవలకు ధర నిర్ణయించే అధికారం తపాలా సేవల డైరెక్టర్ జనరల్‌ది. పార్లమెంటులో చర్చ అవసరం లేదు, బడ్జెట్ రోజు వరకూ ఆగాల్సిన పని లేదు. వేగంగా మార్పులు చేసుకోవాలంటే శాఖకు ఇది అనుకూలమే, కాదనను. అయితే బడ్జెట్ పుణ్యమా అని మాకు దొరికే ఆ కొద్ది రోజుల గడువు కూడా దీనితో పోయింది. స్పీడ్ పోస్టు కొత్త ధరల గెజిట్ 2025 సెప్టెంబర్ 25న వచ్చింది. అక్టోబర్ 1 నుంచి అమలు. అదే ఏడాది అమెరికా తపాలా శాఖ జూలై 13న పెంచబోయే ధరను ఏప్రిల్ 9నే ప్రకటించింది. వాళ్ళకు మూడు నెలలు, మాకు ఆరు రోజులు. చివ్వెంలలో ఉన్నవాడికి ఆ ఆరు రోజుల్లో కబురే చేరదు, ఇక స్టాంపులు కొనుక్కునే మాట ఎక్కడిది?

అంకె లేని బిళ్ళ తెస్తే శాఖకు నష్టమని మీ అధికారులు మీకు చెప్పవచ్చు. పెంపుకు ముందు జనం ఎగబడి కొంటారు, తర్వాత రాబడి తగ్గుతుంది అంటారు. కొంత నిజమే. కానీ కొన్న రోజునే డబ్బు శాఖ చేతికి వస్తుంది. సేవ ఆ తర్వాత ఎప్పుడో చేస్తారు, కొన్ని బిళ్ళలకు అసలు చేయనే అక్కర్లేదు, ఎందుకంటే అవి పోతాయి, తడుస్తాయి, ఎవరి పుస్తకాల్లోనో ఉండిపోతాయి. నష్టమే అయితే అమెరికా ఇన్నేళ్ళూ, బ్రిటన్ అంతకంటే ఎక్కువ కాలమూ దీన్ని నడిపేవి కావు.

నకిలీల భయం ఇంకోటి. తెల్గీ నకిలీ స్టాంపు పేపర్ల కుంభకోణం చూసిన దేశం మనది, ఆ భయం సహజం. బ్రిటన్ దీనికి బిళ్ళ పక్కన బార్‌కోడు పెట్టింది. కోడు లేని పాత మామూలు బిళ్ళలు 2023 జూలై తర్వాత చెల్లవని చెప్పి, వాటిని పంపితే కొత్తవి మార్చి ఇచ్చే ఏర్పాటు చేసింది. అక్కడ కూడా ముసలివాళ్ళు ఇబ్బంది పడ్డారు. మనం మొదటి రోజు నుంచే కోడు వేసి అచ్చేస్తే మధ్యలో మార్చే అవసరమే రాదు. ఒకసారి అమ్మిన బిళ్ళను ఎప్పటికీ చెల్లదనమని చట్టప్రకారం మాట కూడా ఇవ్వండి. ఆ హామీ లేనిదే ఎవరూ ధైర్యంగా కొనరు.

బిళ్ళ తయారీ గురించి కూడా ఒక మాట. వానాకాలంలో మా దగ్గర గాలిలో తడి ఎక్కువ. జిగురు పూసిన స్టాంపుల షీటు బీరువాలో పెట్టినా సరే, శ్రావణం వచ్చేసరికి ఒకదానికొకటి అతుక్కుంటాయి. విడదీయబోతే ముఖం చిరిగిపోతుంది. స్టాంపులు సేకరించేవాళ్ళు షీట్ల మధ్య బటర్ పేపరు పెడతారు, కొందరు కాస్త టాల్కం పౌడరు చల్లుతారు. మామూలు ఇంట్లో అంత జాగ్రత్త ఎవరు చేస్తారు? దాచుకోవడానికని ఇచ్చే బిళ్ళ దాచుకోగలిగేలా ఉండాలి. వెనక కాగితం ఒలిచి అంటించే రకం, పది బిళ్ళలు అట్టలో కుట్టిన చిన్న పుస్తకంగా ఇస్తే బాగుంటుంది. అమెరికాలో మీరు అవే వాడి ఉంటారు.

అవి మా ఊరి బ్రాంచి పోస్టాఫీసులో దొరకాలి. పల్లెల్లో బ్రాంచి పోస్టుమాస్టరు దగ్గర స్టాంపులు కొద్దిగానే ఉంటాయి, ఆఫీసు రోజుకు కొన్ని గంటలే తెరిచి ఉంటుంది. చేయూత పింఛన్లు ఇచ్చే రోజుల్లో ఆ చిన్న గది నిండా ముసలివాళ్ళూ, ఒంటరి ఆడవాళ్ళూ, వికలాంగులూ ఉంటారు.  ఆ రద్దీలో స్టాంపులడిగితే పోస్టుమాస్టరు సూర్యాపేట వెళ్ళమనక ఏం చేస్తాడు? సూర్యాపేటకు రానూ పోనూ అయ్యే ఆటో చార్జీలు స్టాంపుల మీద మిగిలేదాన్ని మింగేస్తాయి. దురాజ్‌పల్లి మీదుగా పోయే హైవే మీద ఆర్టీసీ కార్గో ఉంది, ప్రైవేటు కొరియర్లు ఉన్నాయి. సామాను అటు పోతోంది. ఉత్తరం, నోటీసు, పుస్తకం ఇంకా మీ దగ్గరే ఉన్నాయి. వాటిని నిలబెట్టుకోవాలంటే బ్రాంచి ఆఫీసులో సరుకు ఉండాలి.

కాబట్టి మంత్రిగారూ, మామూలు ఇరవై గ్రాముల ఉత్తరానికి అంకె లేని బిళ్ళ ఒకటి, అంకె లేని ఇన్‌లాండ్ లెటరు ఒకటి తీసుకురండి. ఏ సేవ ధర పెంచినా, ఏ సేవ తీసేసినా కనీసం తొంభై రోజుల ముందు తెలుగులో ప్రకటించి, ఆ కాగితాన్ని బ్రాంచి పోస్టాఫీసు దాకా పంపండి. వేగం అక్కర్లేదు, రసీదు చాలు అనేవారికి చవకైన రిజిస్టరు ఉత్తరాన్ని మళ్ళీ తెరవండి. మూడిటిలో ఏది ముందని అడిగితే, రిజిస్టరు ఉత్తరమే ముందంటాను. రైతు నోటీసు, సమాచార హక్కు దరఖాస్తు మరో పెంపు దాకా ఆగలేవు.

ఈ ఉత్తరాన్ని పత్రికలో చదువుతున్నవారికి కూడా ఒక విన్నపం. ఈ మాట సబబే అనిపిస్తే మీరూ ఒక కార్డు కొని, అర్ధ రూపాయి ధర ఉన్నప్పుడే, న్యూఢిల్లీ డాక్ భవన్‌కు రాయండి.

ఇట్లు,
తపాలా శాఖను నమ్ముకున్న ఒక పౌరుడు,
చివ్వెంల, సూర్యాపేట జిల్లా